వాల్టెడ్ సీలింగ్‌తో ఫ్యామిలీ హాలు: ఎత్తు ఎంత, తోపుడు ఎక్కడికి, ప్రతిధ్వని ఎలా?

మూడుగుమ్మాలు · #1

అందరికీ నమస్కారం. ప్లాను ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. హాలు వెడల్పు 20 అడుగులు, పొడవు 23 అడుగులు (సుమారు 6 × 7 మీటర్లు). పైన అంతస్తు లేదు. ఒక కొసన ఓపెన్ కిచెన్, దానికి 9 అడుగుల మామూలు చదును కప్పు. ఇంటిల్లిపాదీ కూర్చునేదీ, టీవీ చూసేదీ, పిల్లలు చదువుకునేదీ ఈ హాల్లోనే.

వాల్టెడ్ సీలింగ్‌కు (చదునుగా కాక వాలుగానో వంపుగానో పైకి లేచే కప్పుకు) మూడు దారులు కనిపిస్తున్నాయి: చెక్క లేదా ఉక్కు వాసాలతో రెండు వాలుల కప్పు, ఇటుక కమాను, లేదంటే వాలు స్లాబ్. పక్క గోడలు 9 అడుగులు, నడికొప్పు 14 అడుగులు అనుకున్నాను. ఇది సరైన ఎత్తేనా? ఫ్యాను, ఏసీ, మాటల ప్రతిధ్వని సంగతేమిటి? దేన్ని ముందు తేల్చుకోవాలి?

---

సెక్షన్‌గీత · #2

ముందు తేల్చాల్సింది సెక్షన్. ప్లాను ఎంత బాగున్నా ఈ గది మంచిచెడ్డలన్నీ నిలువు కోతలోనే ఉంటాయి. 1:20 స్కేలులో అడ్డ సెక్షన్ ఒకటి, నిలువు సెక్షన్ ఒకటి గీయించండి. వాటిలో కూర్చున్న మనిషి చెవి (1.1 మీ.), నిలుచున్న మనిషి కన్ను (1.5 మీ.), ఫ్యాను రెక్క, లైటు, ఏసీ యూనిట్, కిటికీ పైఅంచు అన్నీ గుర్తించాలి. ఒక్క ఇంటీరియర్ బొమ్మ చూసి ఎత్తు ఖాయం చేస్తే తర్వాత ఏ వస్తువూ కుదురుగా కూర్చోదు.

మీ ఎత్తు బాగానే ఉంది. 10 అడుగుల సగం వెడల్పుకు 5 అడుగుల లేవు (గోడ తల నుంచి కొప్పు దాకా ఎత్తు) అంటే అడుగుకు ఆరు అంగుళాల వాలు, దాదాపు 26.5 డిగ్రీలు. అడుగుకు మూడు అంగుళాల కన్నా తక్కువ వాలిస్తే కింది నుంచి చూసేవాళ్ళకి కప్పు కుంగినట్టు అనిపిస్తుంది తప్ప ఎత్తుగా అనిపించదు. 12–13 అడుగుల వెడల్పు గదికి ఇదే 14 అడుగుల ఎత్తు ఇస్తే బావిలో కూర్చున్నట్టుంటుంది. వెడల్పు 20 అడుగులు కాబట్టి మీకు ఆ బాధ లేదు.

ఇక అందరూ మరిచిపోయేది 7 అడుగుల గీత. తలుపుల పైఅంచు, కిటికీల లింటెల్, పుస్తకాల అరల పైభాగం, వంటింటి పై అల్మరాల అడుగు, వీటిలో వీలైనన్నింటిని ఒకే అడ్డగీతకు తెండి. ఆ గీత ఉంటే కింద మనిషి కొలతలో గది, దాని మీద ఖాళీ, రెండూ విడివిడిగా తెలుస్తాయి. అది లేకపోతే సోఫాలు బొమ్మల్లా చిన్నబోతాయి. గోడ రంగును కూడా ఏదో ఒక గీత దగ్గర ఆపాలి. గోడ, వాలు రెండూ ఒకే తెలుపయితే అంచు మాయమై కప్పు ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు.

కిచెన్ కప్పు 9 అడుగులకే ఉంచడం మంచి నిర్ణయం. అక్కణ్ణుంచి హాల్లోకి అడుగు పెట్టినప్పుడే ఎత్తు తెలుస్తుంది. అంతా ఎత్తే అయితే ఏదీ ఎత్తు కాదు. కూర్చునే చోటు కొప్పు కిందికి రావాలి, నడిచే దారి చూరు పక్కన ఉండాలి. చాలా ప్లాన్లలో ఇది తిరగబడి ఉంటుంది.

---

దూలంలెక్క · #3

సెక్షన్‌గీత గారి మాట నిజమే గానీ ఆ సెక్షన్‌లో బాణం గుర్తు ఒకటి లోపించింది: పక్క తోపుడు. చదును కప్పు బరువు గోడ మీద నిలువుగా దిగుతుంది. వాలు కప్పు, కమాను అలా కాదు, గోడల్ని బయటికి నెడతాయి. కాళ్ళ మధ్య తాడు కట్టని నిచ్చెన నున్నటి గచ్చు మీద జారిపోవడం ఇదే.

లెక్క సులువు. మీటరు పొడవుకు తోపుడు = భారం × వెడల్పు × వెడల్పు ÷ (8 × లేవు). తేలిక కప్పుకు అన్నీ కలిపి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు అనుకుందాం. 2 × 6 × 6 ÷ (8 × 1.5) = 6 కిలోన్యూటన్లు. అంటే గోడ పొడవునా ప్రతి మీటరుకూ సుమారు 600 కిలోలు బయటికి నెడుతుంటాయి. 9 అడుగుల ఎత్తున్న 9 అంగుళాల ఇటుక గోడ తనంతట తాను దీన్ని తట్టుకోలేదు.

దీనికి దారులు రెండే. చూరు మట్టంలో రెండు గోడల్నీ కలిపి కట్టడం ఒకటి. లేదా కొప్పు దగ్గర నిజంగా బరువు మోసే దూలం పెట్టి, వాసాల పైకొసల్ని దాని మీద కూర్చోబెట్టడం. రెండోది చేస్తే నెట్టుడే పుట్టదు, గది కూడా ఖాళీగా ఉంటుంది.

మీ కొలతకి కొప్పు దూలం మీద మీటరుకు 2 × 3 = 6 కిలోన్యూటన్లు పడతాయి. 7 మీటర్ల పొడవుకు వంపు మొమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) సుమారు 37 కిలోన్యూటన్ మీటర్లు, ఒక్కో కొసన 21 కిలోన్యూటన్లు దిగుతాయి. ఉక్కులో అయితే 250 మి.మీ. లోతు ఐ-బీమ్ దగ్గర ఆలోచన మొదలవుతుంది. ఇక్కడ బలం కన్నా ముందు కుంగుడు అడ్డొస్తుంది. పొడవులో 1/360 అంటే 19 మి.మీ. కొప్పు అంత దిగితే, మీ వాలుకి ఒక్కో గోడ తల 9–10 మి.మీ. బయటికి జరగాలి. కాబట్టి కుంగుడు పరిమితిని ఇంకా బిగించి 1/500 దగ్గర ఉంచమని మీ ఇంజినీరును అడగండి.

ఆ 21 కిలోన్యూటన్లు దిగే చోట పిల్లరు ఉండాలి, దాని కింద పునాది ఉండాలి. ముక్కోణపు గోడ నిండా గాజు కావాలనుకునేవాళ్ళకి తలనొప్పి మొదలయ్యేది ఇక్కడే. సరిగ్గా గాజు నడిమధ్యకే పిల్లరు వస్తుంది.

---

చెక్కపని · #4

కొప్పు దూలం, పిల్లర్లు, ఇదంతా మరీ ఎక్కువ కాదా? వాసాల జతలను కొప్పుకు కాస్త కింద అడ్డకర్రలతో కలిపితే చాలు. చాలా కప్పులు అలాగే నిలబడి ఉన్నాయి. 14 అడుగుల కొప్పుకు అడుగున్నర కిందే కట్టేస్తే ఖాళీ కూడా పోదు.

---

దూలంలెక్క · #5

> కొప్పుకు కాస్త కింద అడ్డకర్రలతో కలిపితే చాలు

చెక్కపని గారూ, పైన కట్టే కర్ర పని వేరు. గాలి కప్పును ఎత్తేటప్పుడు వాసాల జత కొప్పు దగ్గర విడిపోకుండా పట్టుకోవడానికే అది. తోపుడును ఆపాలంటే కట్టు లేవులో కింది మూడోవంతులో ఉండాలి. ఈ హాలుకు లేవు 5 అడుగులు కాబట్టి కట్టు నేల నుంచి 9 అడుగులకూ 10 అడుగుల 8 అంగుళాలకూ మధ్యన రావాలి. పైకి పోయేకొద్దీ రెండు నష్టాలు: కట్టులో లాగుడు పెరుగుతుంది, కట్టుకు కింద ఉన్న వాసం ముక్క వంగి గోడను నెడుతుంది. పైఅంచున కట్టిన ఇళ్ళు నిలబడలేదని కాదు. ఏటేటా గోడ తల కాస్త కాస్త వాలి, కొప్పు వంగి, కిటికీ మూలల్లో ఏటవాలు బీటలు వస్తాయి. అది కూలడం కాదు కాబట్టి ఎవరూ దాన్ని వైఫల్యం అనరు.

దూలం వద్దనుకుంటే సిజర్ ట్రస్సు (కత్తెరలా అల్లిన కర్రల చట్రం) ఉంది. కింది కర్రలు కూడా వాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటాయి. లోపలి వాలు బయటి వాలులో సగం దాకా వస్తుంది. మీకు లోపల 14 అడుగులకు బదులు 11½ అడుగులు దొరుకుతాయి. ట్రస్సును కూర్చోబెట్టే చోట ఒక కొసన బిగింపు, రెండో కొసన అడ్డంగా కొద్దిగా జరగనిచ్చే పట్టీ ఉండాలి. బరువు పడగానే అది కాస్త వెడల్పవుతుంది. రెండు పక్కలా బిగిస్తే ఆ నెట్టుడంతా మళ్ళీ గోడకే.

---

గూడుకమాను · #6

ఇటుక కమాను గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను.

ముందు ఆకారం. వేలాడే గొలుసు తనంతట తాను తీసుకునే వంపును తలకిందులు చేస్తే అదే తన బరువును తాను మోసుకునే కమాను అని రాబర్ట్ హుక్ 1675లోనే సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ గోడ మీద గొలుసు వేలాడదీసి, గీత గీసి, ప్లైవుడ్ అచ్చు కోయడం కన్నా సులువైన పద్ధతి లేదు. 6 మీటర్ల వెడల్పుకు 1.5 మీటర్ల లేవు (నాలుగోవంతు) సర్దుబాటైన కొలత. ఈ నిష్పత్తిలో గొలుసు వంపుకూ వృత్తపు ముక్కకూ తేడా తక్కువే, అయినా ఆ తేడా కమాను మందం లోపలే ఇమడాలి.

నాలుగున్నర అంగుళాల ఇటుక, పైన నింపుడు, వాటర్‌ప్రూఫింగ్, మనుషుల బరువు కలిపి చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు అనుకుంటే తోపుడు మీటరుకు 15. అంటే తేలిక కప్పు కన్నా రెండున్నర రెట్లు. 1.5 మీటర్లకొక టై రాడ్ (రెండు గోడల్నీ కలిపి పట్టే ఉక్కు కడ్డీ) పెడితే ఒక్కోదానిలో 22.5 కిలోన్యూటన్లు. 20 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్ సరిపోతుంది, కానీ లెక్క మర గాట్లు తీసిన చోటి సన్నటి కోతకి కట్టాలి, నిండు రాడ్‌కు కాదు. మధ్యలో బిగువు సర్దే టర్న్‌బకిల్, రెండు కొసలా గోడల తలన పోసిన కాంక్రీటు దూలం, అంటే రింగ్ బీమ్‌లోకి 150 మి.మీ. చదరపు, 12 మి.మీ. మందం ప్లేటు. కంటికి రాడ్ కనబడకూడదంటే రింగ్ బీమ్ ఒక్కటే 7 మీటర్ల పొడవునా పక్కకి వంగకుండా తట్టుకోవాలి. ఆ మొమెంట్ 90 కిలోన్యూటన్ మీటర్లు దాటుతుంది. బీమ్ లోతు కాదు, వెడల్పు పెంచాలి. దానికన్నా సన్నటి రాడ్లు నల్లరంగు వేసి వదిలేస్తేనే అందం.

సెంట్రింగ్ తీయడంలో తొందరపడేవాళ్ళు ఎక్కువ. వరస ఇది: టై రాడ్లు బిగించాలి, కమాను మొదళ్ళ మీద నింపుడు రెండు పక్కలా సమానంగా పోయాలి, గారకు బలం వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే సెంట్రింగ్ కింద ఆపుగా పెట్టిన చెక్క చీలికలు వదులు చేస్తూ నడినెత్తి నుంచి రెండు పక్కలకూ కొద్దికొద్దిగా దించాలి. ఒక పక్కే నింపితే కమాను రెండో పక్కకి ఉబ్బుతుంది.

తర్వాత నడినెత్తిన కింది వైపు పొడవునా సన్నటి బీట కనిపిస్తే గోడలు విడిపోతున్నాయని అర్థం. దానికి జోడు బీటలు కమాను మొదళ్ళ దగ్గర పైవైపు ఉంటాయి, నింపుడు కింద కనబడవు. బీటలో గార కూరి పైన సున్నం వేసేస్తే ఒరిగేదేమీ లేదు. ముందు టర్న్‌బకిల్ చూడాలి. భూకంపాలు వచ్చే చోట ఉక్కు లేని ఇటుక కమాను కింద కుటుంబాన్ని కూర్చోబెట్టకండి, అంతే.

---

మూడుగుమ్మాలు · #7

ఇటుక కమాను చాలా నచ్చింది, టై రాడ్లతో సహా. కానీ అందరూ "గుయ్యిమంటుంది" అంటున్నారు. నిజమా, అపోహా?

---

ప్రతిధ్వని · #8

నిజమే, కానీ అందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

మొదటిది మోత ఎక్కువసేపు నిలవడం. సాబిన్ సూత్రం: మోత నిలిచే సమయం = 0.161 × గది ఘనపరిమాణం ÷ శబ్దాన్ని పీల్చే మొత్తం. మీ రెండు వాలుల హాలు 145 ఘనపు మీటర్లు (చదునుగా 9 అడుగులైతే 113). గచ్చు, గోడలు, వాలులు, ముక్కోణాలు కలిపి 168 చదరపు మీటర్ల ఉపరితలం. ప్లాస్టరు, టైల్సు, గాజు సుమారు 3 శాతమే పీలుస్తాయి, అంటే 5 చదరపు మీటర్లు. ఖాళీ గదిలో మోత దాదాపు నాలుగున్నర సెకన్లు. సోఫాలు, తెరలు, కార్పెట్టు వచ్చాక పీల్చే మొత్తం 19 దగ్గరికి చేరి 1.2 సెకన్లకు దిగుతుంది. ఇంటి మాటలకి 0.6 సెకన్లు కావాలి. దానికి 39 చదరపు మీటర్లు పీల్చాలి. లోటు 20. 80 శాతం పీల్చే ప్యానెల్ అయితే 25 చదరపు మీటర్లు పెట్టాలి. మీ రెండు వాలులూ కలిపి 47. కాబట్టి కప్పులో సగానికి పైగా మెత్తటి పని చేయించాల్సిందే. నాలుగు ఫోమ్ ముక్కలు అతికిస్తే తీరే లోటు కాదిది. టీవీ చూసే గది కాబట్టి ఇంకో మాట: సౌండు పెంచితే మాట స్పష్టం కాదు, మోత కూడా అంతే పెరుగుతుంది.

రెండోది కేంద్రీకరణ. ఇది కమానుకే ప్రత్యేకం. 6 మీటర్లకు 1.5 లేవు ఉన్న వృత్తపు ముక్కకు వ్యాసార్ధం 3.75 మీటర్లు. నడినెత్తి 4.2 మీటర్ల ఎత్తున ఉంటే వృత్తకేంద్రం గచ్చు మీద 45 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అంటే దాదాపు సోఫా సీటు మీద! అక్కడ చప్పట్లు కొడితే చప్పుడంతా కప్పును తాకి మళ్ళీ అక్కడికే వస్తుంది. నడుమ కూర్చున్నవాళ్ళకి తమ గొంతే తమకి పెద్దగా వినబడుతుంది, గోడ పక్కనున్నవాళ్ళకి మాట అందదు. పాటించాల్సిన హద్దు: వంపు వ్యాసార్ధం గది ఎత్తుకు రెట్టింపు కన్నా ఎక్కువైనా ఉండాలి, సగం కన్నా తక్కువైనా ఉండాలి. మీది మధ్యలో ఇరుక్కుంది.

గోడలు 9 అడుగులే ఉంచి ఈ హద్దు దాటాలంటే వ్యాసార్ధం 6.8 మీటర్లు, లేవు 70 సెంటీమీటర్లు కావాలి. నడినెత్తి 3.4 మీటర్లకు దిగుతుంది. గూడుకమాను గారు ఇప్పుడు తోపుడు లెక్క చెప్పాలి.

---

గూడుకమాను · #9

5 × 36 ÷ (8 × 0.7) = 32 కిలోన్యూటన్లు. రెట్టింపు దాటింది. రాడ్ల మధ్య దూరం సగానికి తేవాలి, లేదా రాడ్ లావు పెంచాలి. చేయలేనిది కాదు, కానీ లేవు తగ్గేకొద్దీ గోడలు రవ్వంత జరిగినా నడినెత్తి బాగా దిగుతుంది. 70 సెంటీమీటర్ల కమానుకు వదులు గోడలు పనికిరావు.

ఇంకో దారి: కమానును 1.5 లేవుతోనే కట్టి, కమాను పొడవుకు అడ్డంగా పక్కటెముకల్లా ఒక ఇటుక లోతు ముందుకు తెచ్చి, మధ్య గళ్ళలో పీల్చే సరుకు నింపడం. నున్నటి అద్దంలాంటి వంపు విరిగిపోతుంది.

---

ప్రతిధ్వని · #10

పక్కటెముకలు సన్నటి కీచు శబ్దాలను చెదరగొడతాయి, మగగొంతు కింది స్థాయిల్ని అంతగా కాదు. గళ్ళలో 50 మి.మీ. మినరల్ ఊల్ (రాతి నారల దూది) పెడితే రెండూ దారికొస్తాయి. అందుకు ఒప్పుకుంటాను.

రెండు వాలుల కప్పుకైతే పద్ధతి సులువు: చెక్క పట్టీల సీలింగ్. 40 మి.మీ. పట్టీ, 15 మి.మీ. సందు, వెనక నల్లటి పల్చటి గుడ్డ, దాని వెనక 50 మి.మీ. మినరల్ ఊల్. సందులు మొత్తంలో కనీసం 15–20 శాతం ఉండాలి. సందు లేకుండా పలక పక్కన పలక బిగించేసి "చెక్క కదా, శబ్దం పీలుస్తుంది" అనుకోవడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. వార్నిష్ వేసిన చెక్క కూడా దాదాపు ప్లాస్టరంతే.

---

గాలివాటం · #11

ఫ్యాను లెక్క ముందు. రెక్కలు నేల నుంచి 2.6 మీటర్ల దగ్గర ఉండాలి. కొప్పు 4.2. మోటారు, రాడ్ పైకొసన ఉండే గిన్నె కలిపి 30 సెంటీమీటర్లు. మిగిలింది 1.3 మీటర్ల డౌన్‌రాడ్, అంటే 4 అడుగుల 3 అంగుళాలు. ఫ్యానుతో వచ్చే పొట్టి రాడ్‌తో కొప్పుకే బిగిస్తే అది పైనున్న వేడిగాలిని తిప్పుతూ ఉంటుంది, కింద ఎవరికీ గాలి తగలదు. 7 మీటర్ల పొడవుకు ఒక్కటి చాలదు, కొప్పు వెంట రెండు పెట్టండి, మధ్య దూరం 3.5 మీటర్లు, కొసల నుంచి 1.75. కొప్పు దూలానికే కొక్కేలు వస్తాయి కాబట్టి వాలు మీద బిగించే బాధ ఉండదు. వాలు మీదే బిగించాల్సి వస్తే ఆ ఫ్యాను గోళపు కీలు ఎన్ని డిగ్రీల దాకా ఒప్పుకుంటుందో పెట్టె మీద చూడాలి, మీ వాలు 26.5.

ఏసీ విషయంలో "ఎత్తు గది కాబట్టి రెట్టింపు టన్నులు" అనేది సగమే నిజం. చల్లగాలి కిందే ఉంటుంది, మనుషులూ కిందే ఉంటారు. స్ప్లిట్ యూనిట్ 7–8 అడుగుల ఎత్తులో పెట్టి గాలిని అడ్డంగా వదిలితే పైనున్న వేడి పొర పైనే ఉంటుంది. దాన్ని కదపకూడదు. ఏసీ నడిచేటప్పుడు ఫ్యాన్లు మెల్లగా తిరగాలి. అసలు శత్రువు గాలి కాదు, వేడెక్కిన కప్పు కిందికి కొట్టే సెగ. దానికి మందు ఇన్సులేషన్, టన్నులు కాదు. చలి ప్రాంతంలో కథ తిరగబడుతుంది: హీటరు వేడంతా కొప్పుకు చేరుతుంది. అక్కడ గచ్చు కింద వేడిగొట్టాలు మేలు, ఫ్యాన్లు వెనక్కి తిప్పి మెల్లగా నడపాలి.

ఏసీ వేయని రోజుల కోసం కొప్పు దగ్గర తెరుచుకునే కిటికీలు. కింద 1 చదరపు మీటరు, పైన 1 చదరపు మీటరు తెరిచి, రెండింటి మధ్య 2.8 మీటర్ల ఎత్తు తేడా, లోపల బయట 3 డిగ్రీల తేడా ఉంటే, బయట గాలి వీచకపోయినా గంటకు 1,100 ఘనపు మీటర్ల గాలి కదులుతుంది. గదిలో గాలి 7–8 సార్లు మారుతుంది. మధ్యాహ్నం బయటే ఎక్కువ వేడిగా ఉంటే మూసెయ్యాలి, లేకపోతే గాలి పైనుంచి కిందికి దిగుతుంది. అందుకే నేల మీద నిలబడి తిప్పే హ్యాండిలో, మోటారో ఇప్పుడే ప్లానులో పెట్టండి. తెరవడానికి నిచ్చెన కావాల్సిన కిటికీ రెండో నెల నుంచి మూసే ఉంటుంది.

కిచెన్ గురించి ఒక్క మాట. చిమ్నీ లాగలేని పొగ హాలు కొప్పులోకి చేరి చెక్క పట్టీల సందుల్లో జిడ్డు పేరుస్తుంది. కిచెన్ చదును కప్పుకూ హాలుకూ మధ్య అడుగున్నర లోతు దిగుడు దూలం ఉంచండి, పొగ అక్కడ ఆగుతుంది, చిమ్నీకి లాగడానికి వ్యవధి దొరుకుతుంది.

---

పొడిగోడ · #12

ఇన్సులేషన్. మామూలు ఇంట్లో కప్పుకూ సీలింగుకూ మధ్య అటక ఖాళీ ఉంటుంది. ఇక్కడ ఉన్నదల్లా వాసం లోతే. 150 మి.మీ. వాసం అయితే 100 మి.మీ. గ్లాస్ ఊల్, దాని పైన 50 మి.మీ. గాలి సందు. సందు చూరు దగ్గర మొదలై కొప్పు దగ్గర బయటికి పోవాలి. మధ్యలో ఒక్క అడ్డకర్ర ఆ సందును మూసినా ఆ గడి అంతా చెమ్మగిల్లుతుంది. 150 మందం దూదిని 100లోకి అదిమి కూరడం వల్ల లాభం లేదు, పైగా గాలి సందు మూసుకుపోతుంది.

వాసాలు లోపలికి కనిపించాలనుకుంటే ఇన్సులేషన్‌ను పలక మీదికి, పెంకుల కిందికి మార్చాలి. 60 మి.మీ. పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ పలక) దాదాపు 100 మి.మీ. గ్లాస్ ఊల్‌కు సమానం. ఇది అన్నిటికన్నా పొడిగా ఉండే పద్ధతి, వాసాలు గది ఉష్ణోగ్రతలోనే ఉంటాయి.

ఆవిరి పొర (చెమ్మను ఆపే పల్చటి పొర) ఎటు వైపు అన్నది ఊరి వాతావరణాన్ని బట్టి. చలి ఎక్కువైతే లోపలి వైపు. వేడి, ఉక్కపోత ఎక్కువై లోపల ఏసీ నడిచే చోట బయటి వైపు. తిరగేస్తే చెమ్మ బయటికి పోయే దారే మూసేసినట్టు. వెండిరేకు పొర వేస్తే దాని మెరిసే వైపున 25 మి.మీ. ఖాళీ ఉండాలి, రెండు పొరల మధ్య నొక్కేస్తే అది వట్టి రేకు.

జిప్సం బోర్డు వేసేవాళ్ళకి: కొప్పు కోణం 127 డిగ్రీలు. మామూలు పేపరు టేపు మడిచి అతికిస్తే కప్పు కదిలినప్పుడల్లా అక్కడే చిరుగుతుంది. కోణానికి తగ్గట్టు వంగే, లోపల లోహపు పట్టీ ఉన్న టేపు వాడాలి. మొదటి స్క్రూను కొప్పుకు అడుగు దూరంలో కొట్టాలి.

---

దీపస్తంభం · #13

కప్పులో గుంత లైట్లు వద్దు, మూడు కారణాలు. ఒకటి పొడిగోడ గారు చెప్పినదానికి కొనసాగింపు: ఒక్కో రంధ్రం గుండా గది గాలి ఇన్సులేషన్‌లోకి దూరి చెమ్మ తెస్తుంది. రెండు, దూరం. 2.7 మీటర్ల కప్పు నుంచి బల్ల దాకా 1.95 మీటర్లు, 4.2 నుంచి 3.45. అదే లైటు బల్ల మీద మూడోవంతు వెలుగే ఇస్తుంది. మూడు, వాలులో బిగించిన లైటు నిలువుగా కాకుండా ఎదుటి సోఫాలోని కళ్ళలోకి కొడుతుంది.

9 అడుగుల దగ్గర గోడ తలన చిన్న అరుగు తీసి, దాని మీద ఎల్‌ఈడీ పట్టీ డిఫ్యూజర్ ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టి వాలును వెలిగించండి, 2700–3000 కెల్విన్. డ్రైవర్లను (ఎల్‌ఈడీ పట్టీకి కరెంటు అందించే పెట్టెల్ని) కప్పులో పాతకండి, కిచెన్ అల్మరా పైన చేయి అందేచోట ఉంచండి. చదువుకునే బల్లకి వేలాడే లైటు, సోఫా పక్కన నిలువు దీపం వేరుగా. ఏ లైటూ ఫ్యాను రెక్కల పైన ఉండకూడదు, నీడ అల్లాడుతుంటే తలనొప్పి వస్తుంది. పెద్ద షాండ్లియర్ పెట్టేవాళ్ళు కిందికి దించే వించ్ కూడా అప్పుడే కొనాలి.

---

మూడుగుమ్మాలు · #14

అందరికీ కృతజ్ఞతలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. వాలు స్లాబ్ అయితే తోపుడు బాధ ఉండదని మేస్త్రి అంటున్నారు, నిజమేనా? కొప్పు కింద పిల్లలకి చిన్న అటక వేయొచ్చా?

---

దూలంలెక్క · #15

తోపుడు ఉంటుంది. రెండు వాలు స్లాబులు మడతబెట్టిన అట్టలా పనిచేసి బరువును కొసగోడలకి చేర్చగలవు, కానీ అందుకు కొసల్లో గట్టి గోడ లేదా ఫ్రేము, చూరు వెంట లాగుడు తట్టుకునే బీమ్ ఉండాలి. అవి లేకపోతే వాసాల కప్పుకన్నా కాంక్రీటు బరువు రెండు మూడు రెట్లు కాబట్టి నెట్టుడూ అంతే.

కంబీలో అసలు ప్రమాదం కొప్పు మడత దగ్గర. అడుగు కంబీని మడత వెంట అలాగే వంచి రెండో వాలులోకి తీసుకెళ్తే, లాగుడు పడగానే అది తిన్నగా సాగాలని చూసి కింది కవరు కాంక్రీటును ఊడగొడుతుంది. ఒక్కో వాలు అడుగు కంబీ తిన్నగా మడతను దాటి ఎదుటి వాలు పైముఖంలోకి వెళ్ళి అక్కడ నిలవాలి. రెండు వైపులవీ కత్తెరలా దాటుకోవాలి. కంబీ కట్టాక సంతకం పెట్టే ముందు చూడాల్సిన మొదటి చోటు అదే.

పోసేటప్పుడు స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) 50–75 మి.మీ. మించకూడదు, చూరు నుంచి మొదలుపెట్టి కొప్పుకు పోవాలి. వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే కాంక్రీటు కిందికి జారి కొప్పు దగ్గర పల్చబడుతుంది. వాలు 30 డిగ్రీలు దాటితే పైన కూడా సెంట్రింగ్ కావాలి. మీరు హద్దులోపే ఉన్నారు.

---

సెక్షన్‌గీత · #16

అటక కుదరదు. 14 అడుగుల్లోంచి కింద తల తగలకుండా 7½ అడుగులు, అటక మందం 8 అంగుళాలు తీసేస్తే కొప్పు కింద మిగిలేది 5 అడుగుల 10 అంగుళాలు. నడుమ నుంచి రెండు వైపులా 3 అడుగుల 8 అంగుళాలు జరిగేసరికి 4 అడుగులకు దిగిపోతుంది. పైగా గాలివాటం గారు చెప్పిన వేడి పొర అక్కడే.

---

చెక్కపని · #17

పొగ అలారం గురించి ఎవరూ చెప్పలేదు. కొప్పు సరిగ్గా మొనలో బిగించకూడదు, ఆ మొన 4 అంగుళాల్లో గాలి కదలదు, పొగ ఆలస్యంగా చేరుతుంది. మొన నుంచి 4 అంగుళాలు వదిలి, అడ్డంగా 3 అడుగుల లోపు వాలు మీద పెట్టాలి. బ్యాటరీ మార్చడానికి 14 అడుగులు ఎక్కాలి కాబట్టి కరెంటు లైనుకు కలిపే రకం తీసుకోండి, పరీక్ష బటన్ పొడుగు కర్రతో నొక్కగలిగేలా.

దూలంలెక్క గారూ, సిజర్ ట్రస్సు జరిగే కొసకి పొడుగు రంధ్రం ఉన్న పట్టీ వాడితే, పెంకులు ఎక్కాక ఆ బోల్టు బిగించేయాలా, వదులుగానే ఉంచాలా?

---

దూలంలెక్క · #18

పెంకులు, సీలింగు బోర్డు రెండూ ఎక్కి బరువంతా పడ్డాక కూడా చేతి బిగువే. పైకి లేవకుండా నట్టు మీద ఇంకో నట్టు వేసి తాళం పెట్టండి, పక్కకి జరిగే దారి మూయకండి. ఆ జరుగుడు ఎంతో ట్రస్సు తయారుచేసేవాళ్ళు డ్రాయింగులో రాసి ఇవ్వాలి. రంధ్రం పొడవు దానికన్నా కనీసం 10 మి.మీ. ఎక్కువ ఉంచండి.